కప్పగారూ... మళ్లీ రండి!

పోయిన ఆదివారం మా ఇంట్లో చిన్నపాటి గొడవ జరిగింది. కారణం నేనే.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒక మూల ఫోనుతో, నాలుగో తరగతి బుడ్డోడు ఇంకో మూల ట్యాబుతో కూర్చున్నారు. మా ఆవిడ కునుకు తీయబోతోంది. అమ్మ తమలపాకులు ముందేసుకుని గోడకు చేరగిలబడింది. ఐదుగురం ఒకే గదిలో ఉన్నాం గానీ ఎవరి లోకం వాళ్లది. నాకెందుకో ఉక్రోషం వచ్చింది. 'మా రోజుల్లో అయితేనా...' అంటూ మొదలుపెట్టాను.

ఈ పల్లవి మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుకునే ఉంటారు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం, కింద నుంచి 'వచ్చింది... వచ్చింది... పోయింది!' అని కేకలు. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి. ఆదివారం పొద్దున్నే రామాయణం కోసం వీధి వీధంతా టీవీ ఉన్న ఇంట్లో చేరడం. మధ్యలో 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని బోర్డు పడితే, దాన్ని కూడా రెప్ప వాల్చకుండా చూడటం. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ'కి కడుపు చెక్కలయ్యేలా నవ్వడం... అన్నీ ఏకరువు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. యూట్యూబులో ఒక పాత ఎపిసోడు వెతికి, టీవీలో పెట్టి, 'ఆ ఫోన్లు అవతల పారేసి ఇది చూడండి' అన్నాను.

నాలుగు నిమిషాలు గడిచాయి. 'నాన్నా, ఇది ఎప్పుడు మొదలవుతుంది?' అన్నాడు బుడ్డోడు. అమ్మాయి మాత్రం కొంచెం ఘాటుగానే అంది. 'నువ్వు చూపించాలని పెట్టలేదు నాన్నా, తిట్టాలని పెట్టావు.'

చురుక్కుమంది. ఎందుకంటే అది నిజమే.

రాత్రికి రాజీ కుదిరింది. అందరం కలిసి ఒక సినిమా చూస్తాం. ఏ సినిమా అన్నది నా ఇష్టం. కానీ చూస్తున్నంతసేపూ నేను ఒక్క వ్యాఖ్యానం కూడా చెయ్యకూడదు. అదీ షరతు. నేను పెట్టింది 2011లో వచ్చిన అమెరికా సినిమా 'ద మపెట్స్'. పాత టీవీ కార్యక్రమం మీద బెంగతో తీసిన సినిమా. పిల్లలు ఆ కార్యక్రమాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే మా అమ్మా చూడలేదు. అయినా ముగ్గురూ కదలకుండా చూశారు. అదెలా సాధ్యమైందన్నదే ఈ వారం నా ఆలోచన.

అమ్మ కోటులోంచి పుట్టిన కప్ప

ఇంతకీ ఎవరీ మపెట్స్? 1955లో వాషింగ్టన్‌లో జిమ్ హెన్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, వాళ్లమ్మ పడేసిన పాత కోటు గుడ్డను కత్తిరించి ఒక బొమ్మ కుట్టాడు. పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి రెండు కళ్లు పెట్టాడు. అక్కడి స్థానిక టీవీలో ఐదు నిమిషాల కార్యక్రమంలో దాన్ని ఆడించాడు. ఆ బొమ్మే తర్వాత కెర్మిట్ అనే కప్ప అయ్యింది.

బొమ్మలాట అంటే అప్పటిదాకా చిన్న రంగస్థలం, దాని ముందు తెర, వెనక ఆడించేవాళ్లు. టీవీలోనూ అదే సరంజామాను పెట్టి చూపించేవారు. హెన్సన్‌కు వచ్చిన ఆలోచన చాలా చిన్నది. టీవీ పెట్టే ఒక రంగస్థలం కదా, మళ్లీ దాంట్లో ఇంకో రంగస్థలం ఎందుకు? ఆ చట్రం తీసేశాడు. ఆడించే మనుషులు కెమెరాకు అందకుండా కింద ఉంటారు, చెయ్యి మాత్రం తల మీదికి ఎత్తిపెడతారు. తమ బొమ్మ ఎలా కనిపిస్తోందో అక్కడే పెట్టుకున్న చిన్న టీవీలో చూసుకుంటూ ఆడిస్తారు. కుడిచెయ్యి బొమ్మ తలలో ఉంటుంది, ఎడంచేత్తో బొమ్మ చేతిని కదిలిస్తారు. అందుకే ఆ బొమ్మల్లో చాలావరకు ఎడంచేతివాటమే! మెత్తటి నురుగు, గుడ్డతో చేసినవి కాబట్టి వేళ్లు కాస్త కదిపితే చాలు, మొహంలో విసుగూ సిగ్గూ బెంగా అన్నీ పలుకుతాయి.

1969లో మొదలైన 'సెసమీ స్ట్రీట్'తో ఈ బొమ్మలు పిల్లలకు అక్షరాలూ అంకెలూ నేర్పాయి. దాని మన దేశపు రూపమే 2006లో మొదలైన 'గలీ గలీ సిమ్ సిమ్'. కానీ హెన్సన్‌కు ఇంటిల్లిపాదీ చూసే కార్యక్రమం చెయ్యాలని కోరిక. పిల్లల బొమ్మలవాడన్న ముద్ర అతనికి నచ్చలేదు. అమెరికాలోని పెద్ద ఛానళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఇంగ్లండులో లూ గ్రేడ్ అనే నిర్మాత ముందుకొచ్చాడు. లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1976 నుంచి 1981 వరకూ ఐదు సీజన్లు, 120 భాగాలుగా 'ద మపెట్ షో' తయారైంది.

ఒక పాత నాటకశాల, దాన్ని నడిపే కప్ప, ఆ కప్పను పెళ్లాడాలని కంకణం కట్టుకున్న పంది దొరసాని మిస్ పిగ్గీ, ఎవరూ నవ్వని జోకులు వేసే ఎలుగుబంటి ఫాజీ, డ్రమ్ములు విరగ్గొట్టే యానిమల్, పైన బాల్కనీలో కూర్చుని ప్రతిదాన్నీ తిట్టే ఇద్దరు ముసలాళ్లు. ప్రతి వారం ఒక అసలు మనిషి అతిథిగా వచ్చేవారు. గాయకుడు ఎల్టన్ జాన్, బాలే కళాకారుడు నురెయెవ్, హాస్యనటుడు పీటర్ సెల్లర్స్ లాంటివాళ్లంతా ఆ బొమ్మల పక్కన నిలబడ్డారు. వందకు పైగా దేశాలు చూశాయి.

1990 మే 16న హెన్సన్ హఠాత్తుగా చనిపోయాడు. వయసు 53. ఆ తర్వాత కూడా సినిమాలూ కార్యక్రమాలూ వచ్చాయి గానీ ఆ వెలుగు మెల్లగా తగ్గింది. 2004లో డిస్నీ సంస్థ మపెట్స్‌ను కొనుక్కుంది. ఏడేళ్ల తర్వాత ఈ సినిమా వచ్చింది.

ఎత్తు పెరగని తమ్ముడు

జేసన్ సీగెల్ అనే నటుడు నికొలస్ స్టోలర్‌తో కలిసి ఈ కథ రాశాడు. హీరో కూడా అతనే. దర్శకుడు జేమ్స్ బాబిన్. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సీగెల్ పుట్టింది 1980లో. మపెట్ షో ఆగిపోయేనాటికి అతనికి ఏడాది దాటింది, అంతే. అంటే తన ఈడు పిల్లల్లాగే ఆ షో అయిపోయాక వచ్చినవాడు. ఆలస్యంగా వచ్చినవాడి బెంగ ఏమిటో అతనికి తెలుసు. కథలో అది కనిపిస్తుంది.

సినిమా కెర్మిట్‌తో మొదలవదు. స్మాల్‌టౌన్ అనే ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములతో మొదలవుతుంది. అన్న గ్యారీ మనిషి. తమ్ముడు వాల్టర్ బొమ్మ. ఎందుకలా అని ఎవరూ అడగరు, సినిమా చెప్పదు. ఇంట్లో తలుపు దగ్గర ఎత్తు కొలుస్తూ గీతలు పెడతారు. అన్న గీత ఏటికేడాదీ పైకి పోతుంది. తమ్ముడి గీత ఉన్నచోటే ఉంటుంది. అక్కడ మా బుడ్డోడు 'అయ్యో' అన్నాడు. క్లాసులో పొట్టివాళ్లలో వాడొకడు లెండి.

ఒకరోజు వాల్టర్ టీవీలో మపెట్ షో చూస్తాడు. తనలాంటి వాళ్లు లోకంలో ఉన్నారని మొదటిసారి తెలుస్తుంది. అప్పట్నుంచి అదే లోకం. పెద్దయ్యాక అన్న తన ప్రియురాలు మేరీతో లాస్ ఏంజెలెస్ వెళ్తుంటే వెంటపడి వెళ్తాడు. తీరా చూస్తే మపెట్ స్టూడియో బూజుపట్టి పాడుబడి ఉంది. టెక్స్ రిచ్‌మన్ అనే నూనెవ్యాపారి దాన్ని కూల్చి, భూమిలో చమురు తవ్వాలని చూస్తున్నాడు. ఆపాలంటే కోటి డాలర్లు కావాలి.

వాల్టర్ వెళ్లి కెర్మిట్ తలుపు తడతాడు. అంత పెద్ద భవంతిలో కప్ప ఒంటరిగా ఉంటోంది. పాత మిత్రుల పటాలు గోడలకు వేలాడుతున్నాయి. ఒక్కో పటం ముందూ ఆగుతూ కెర్మిట్ పాడే పాట దగ్గర మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నా. షరతు షరతే!

ఇక అందర్నీ పోగెయ్యాలి. ఫాజీ ఎక్కడో దొంగ మపెట్ల బృందంతో పొట్ట పోసుకుంటున్నాడు. గోంజో మరుగుదొడ్ల సామాన్ల వ్యాపారంలో కోటీశ్వరుడయ్యాడు. యానిమల్ కోపం తగ్గించుకునే ఆశ్రమంలో చేరాడు, డ్రమ్ము పేరెత్తితే వణుకుతున్నాడు. మిస్ పిగ్గీ పారిస్‌లో ఫ్యాషన్ పత్రికకు ఎడిటరు. విడిపోయిన ఉమ్మడి కుటుంబాన్ని పెద్ద పండక్కి కూడగట్టినట్టు ఉంటుంది ఈ భాగమంతా. ఒక్కొక్కళ్లకీ ఒక్కో అలక.

టీవీ ఛానళ్ల వాళ్లేమో 'మీరెవరికి గుర్తున్నారు?' అంటారు. చివరికి ఒక ఛానల్లో ఖాళీ దొరికితే, పాత నాటకశాలలో బూజు దులిపి, ప్రత్యక్ష ప్రసారంలో విరాళాల కోసం ప్రదర్శన ఇస్తారు. అతిథి దొరక్కపోతే హాస్యనటుడు జాక్ బ్లాక్‌ను ఎత్తుకొచ్చి కుర్చీకి కట్టేస్తారు. ఇక్కడ మా ఇంట్లో మోగిన నవ్వులకు పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

గెలవని గెలుపు

అందరూ కలిసి ఆడితే డబ్బు వచ్చేస్తుంది, స్టూడియో దక్కుతుంది... మనం అనుకునేది ఇదే కదా! సినిమా అక్కడే తిరగబడుతుంది. లెక్క చూపించే బోర్డు మీద అంకె కోటికి చేరువగా వచ్చి ఆగిపోతుంది. అదే పెద్ద దెబ్బ అనుకుంటుంటే, ఫాజీ పొరపాటున బోర్డుకు తల గుద్దుకుంటాడు. అప్పుడు బయటపడుతుంది, దశాంశ బిందువు తప్పుచోట ఉందని! అసలు వచ్చింది 99,999 డాలర్ల 99 సెంట్లు. కోటి కాదు, లక్ష కూడా కాదు. ఓడిపోయారు. ఇల్లూ పోయింది, పేరూ పోయింది.

తలలు వంచుకుని తలుపు తెరిచి బయటికొస్తారు. వీధి నిండా జనం! తమ కోసం ఎదురుచూస్తున్న జనం. డబ్బు లెక్క తప్పింది గానీ మనుషుల లెక్క తప్పలేదన్నమాట.

ఆ తర్వాత చివరి పేర్లు పడేటప్పుడు, బౌలింగ్ బంతి నెత్తిన పడి బుద్ధొచ్చిన రిచ్‌మన్ అన్నీ తిరిగిచ్చేస్తాడనుకోండి. అది తమాషాకి. అసలు ముగింపు మాత్రం ఆ వీధిలోనే.

ఇంకో ముఖ్యమైన మాట. పాతదాని మీద మోజు పక్కనున్నవాళ్లను ఎలా నొప్పిస్తుందో కూడా ఈ సినిమా దాచలేదు. మపెట్ల సంబరంలో పడి గ్యారీ, మేరీతో తన పదేళ్ల స్నేహం పండగనే మర్చిపోతాడు. ఆమె ఒక్కతే ఊరికి తిరిగి వెళ్లిపోతుంది. తమ్ముడి వేలు వదిలి, ఆమె దగ్గరికి వెళ్తేగానీ గ్యారీ పెద్దవాడు కాడు. అన్న వేలు వదిలితేగానీ వాల్టర్ వేదికెక్కి తన విద్య చూపించడు. ఇంతకీ ఆ విద్య ఏమిటనుకున్నారు? ఈల వెయ్యడం!

బెంగ ఒక్కటే చాలదు

'మాన్ ఆర్ మపెట్' అనే పాటకు బ్రెట్ మెకెంజీకి 2012లో ఆస్కార్ వచ్చింది. సినిమా బాగా ఆడింది. అయితే అందరూ మెచ్చుకోలేదు. హెన్సన్ కుడిభుజంగా ఉండి, మిస్ పిగ్గీకీ ఫాజీకీ ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్ ఇందులో చేరలేదు. ఈ స్క్రిప్టు ఆ పాత్రలకు తగిన మర్యాద ఇవ్వలేదని బాహాటంగానే అన్నాడు. ఆ మాటను తీసిపారేయలేం. కన్నవాళ్లకు తెలిసినంత పెంచుకున్నవాళ్లకు తెలియదని ఆయన బాధ. కానీ పెంచుకున్నవాళ్లు లేకపోతే ఆ బొమ్మలు పెట్టెలోనే ఉండిపోయేవి కదా! కెర్మిట్‌నే చూడండి. హెన్సన్ తర్వాత స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మ్యాట్ వోగెల్. లోపలి చెయ్యి రెండుసార్లు మారింది, బయటి కప్ప బతికే ఉంది.

తర్వాతి సంగతీ చెప్పుకోవాలి. 2014లో తీసిన రెండో సినిమా అంతగా ఆడలేదు. 2015లో పెద్దవాళ్ల ఆఫీసు గొడవలూ ప్రేమ వ్యవహారాలతో మొదలుపెట్టిన టీవీ సీరీస్ ఒక్క సీజన్‌కే ఆగిపోయింది. పాత పేరు పెట్టుకుంటే చాలు జనం వస్తారనుకోవడం పొరపాటని అవి తేల్చాయి.

మరి ఈ సినిమా ఎందుకు నిలబడింది? నాకు తోచిన కారణం ఒకటే. ఇది పాతవాళ్ల కళ్లతో కాక, కొత్తగా వచ్చినవాడి కళ్లతో కథ చెప్పింది. 'మీకేం తెలుసు ఆ రోజులు' అని ఎక్కడా అనలేదు. వాల్టర్‌లా తలుపు దగ్గర నిలబడ్డవాణ్ని 'లోపలికి రా, నీకూ చోటుంది' అంది. మధ్యాహ్నం నేను చెయ్యనిది సరిగ్గా అదే.

అమ్మ చెప్పిన బొమ్మలాట

సినిమా అయిపోయింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా గంటా నలభై నిమిషాలు కదల్లేదు. 'ఎట్లుందమ్మా?' అన్నాను.

'ఏముందిరా, మా ఊర్లో బొమ్మలాట మాదిరే ఉంది' అంది.

అమ్మది ధర్మవరం దగ్గర పల్లె. చిన్నప్పుడు కోతలయ్యాక బొమ్మలాటవాళ్లు వచ్చేవాళ్లట. తెల్లగుడ్డ కట్టి, వెనక దీపాలు పెట్టి, తోలుబొమ్మలను గుడ్డకు ఆనించి ఆడించేవాళ్లు. యుద్ధం వస్తే కాళ్లకింది చెక్కల్ని దబదబ తొక్కేవాళ్లు. వానలు రాకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు. తెల్లారేదాకా ఊరంతా అక్కడే. చాపలూ దుప్పట్లూ సహా!

'మరి ఇప్పుడు రారా నాన్నమ్మా?' అంది అమ్మాయి. 'టీవీలొచ్చినాక యాడొస్తారే' అంది అమ్మ.

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. అక్కడ బొమ్మలాటకు టీవీయే కొత్త వేదిక అయింది. ఇక్కడ సినిమా, టీవీ వచ్చి బొమ్మలాట వేదికను ఎత్తేశాయి. నేను ఏ దూరదర్శన్ కోసం బెంగపడుతున్నానో, ఆ దూరదర్శన్ ముందు మా వీధంతా చేరిన రోజుల్లోనే, అమ్మ వాళ్ల ఊళ్లో తెల్లగుడ్డ మడతపడిందన్నమాట. అయినా అమ్మ ఏనాడూ మమ్మల్ని 'మా రోజుల్లో' అని దెప్పలేదు. మాతోపాటు కూర్చుని రామాయణం చూసింది.

ఆ ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో. అక్కడి కుటుంబాలు ఈనాటికీ తోలు మీద బొమ్మలు గీస్తున్నాయి. ఆట కట్టించేవాళ్లు తగ్గిపోయాక, అదే విద్యతో దీపాల మీద పెట్టే తోలుగొడుగులూ గోడబొమ్మలూ చేసి బతుకుతున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ దీపం మీద కూర్చున్న హనుమంతుడు లంకకు దూకడు కదా! కెర్మిట్ భవంతిలో గోడకు వేలాడే పటాలు నాకు మళ్లీ గుర్తొచ్చాయి.

ఈ సెలవుల్లో నిమ్మలకుంట వెళ్దామని పిల్లలే అన్నారు. నేనేమీ అనలేదు, ఒట్టు. వెళ్తే బొమ్మ కొనుక్కురావడం కాదు, ఆట వేయించుకుని చూడాలని అమ్మాయి పట్టు. ఖర్చు ఎంతవుతుందో కనుక్కోవాలి. నలుగురైదుగురు బంధువుల్ని కలుపుకుంటే కుదరకపోదు.

పడుకోబోతూ బుడ్డోడు నాన్నమ్మ ఒళ్లో చేరాడు.

'నాన్నమ్మా, ఆ ఫాజీ ఎలుగుబంటి లాగా మీ బొమ్మలాటలో జోకులేసేవాళ్లు ఉండేవాళ్లా?'

'ఎందుకుండరు! కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క... రాముడూ సీతా వచ్చినప్పుడు కునుకు తీసే మగోళ్లంతా వాళ్లొస్తేనే లేచి కూర్చునేవాళ్లు.'

'అయితే ఆ కేతిగాడి జోకు ఒకటి చెప్పవా?'

అమ్మ ఒక్క క్షణం ఆగింది. నావైపు చూసింది, కోడలి వైపు చూసింది. డెబ్బయ్యారేళ్ల ముఖం చిన్నపిల్ల ముఖమైపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

'అవి నీకు పెండ్లయినాక చెప్తాలే, పో!'